పాత లారీలో హీటర్ వేస్తే చల్లగాలి: కారణం ఎక్కడ వెతకాలి?

సంక్షిప్తంగా: పాత లారీలో గాలి తోలే బ్లోయర్ బాగానే తిరుగుతూ చల్లగాలి మాత్రమే వస్తుంటే, చాలా సందర్భాల్లో లోపం హీటర్‌లో ఉండదు. ఇంజిన్ నీళ్లు తగినంత వేడెక్కకపోవడమో, వేడెక్కిన నీళ్లు హీటర్ దాకా చేరకపోవడమో కారణం అవుతుంది. వేసవిలో ఇంజిన్ హీటెక్కుతోందని, నీళ్ల వేడిని అదుపు చేసే వాల్వ్ అయిన థర్మోస్టాట్‌ను తీసేసే అలవాటు దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి. డ్యాష్‌బోర్డు విప్పే ముందు హీటర్‌కు వెళ్లే రెండు హోస్ పైపులను పరీక్షిస్తే, లోపం ఏ వైపు ఉందో చాలావరకు తేలిపోతుంది.

మైదానంలో గుర్తుకు రాని మీట

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల లారీల్లో హీటర్ మీటను ఏడాదిలో ఎక్కువ నెలలు ఎవరూ ముట్టుకోరు. అందువల్లనే అది పనిచేయడం లేదన్న సంగతి అవసరం పడిన రాత్రే బయటపడుతుంది. మార్గశిరం, పుష్యం నెలల్లో తెల్లవారుజామున నాగావళి, వంశధార పరిసరాల్లో మంచు దట్టంగా పడుతుంది. మడపాం దగ్గర వంశధార వంతెన దాటే లారీలో ముందు అద్దం లోపలివైపు ఆవిరి పట్టి దారి కనిపించకుండా పోయినప్పుడు, ఆ ఆవిరిని విడగొట్టవలసింది హీటర్ నుంచి అద్దం మీదికి వెళ్లే వేడిగాలే. సాలూరు మీదుగా సుంకి, పొట్టంగి ఘాట్ ఎక్కి కొరాపుట్, రాయపూర్ వైపు వెళ్లే లారీలకు చలి మరింత తీవ్రంగా తగులుతుంది. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. పలాస జీడిపప్పు వేసుకుని ఉత్తరాదికి వెళ్లే బండ్లకైతే శీతకాలంలో హీటర్ సౌకర్యం కాదు, అవసరం.

ఈ విషయం ఇప్పుడు ఎక్కువగా చర్చకు రావడానికి మరో కారణం కూడా ఉంది. 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే బండ్లకు అది వర్తిస్తుంది. అంతకుముందు తయారై రోడ్డు మీద తిరుగుతున్న లారీలకు ఆ నిబంధన లేదు. పూర్వం కంపెనీ నుంచి ముందు భాగం వరకే వచ్చిన చాసిస్ మీద బాడీ షెడ్డులో చెక్క క్యాబిన్ కట్టించుకున్న బండ్లలో అసలు హీటరే ఉండేది కాదు. ఆ తరువాత కంపెనీ క్యాబిన్‌తో వచ్చిన బండ్లు ఇప్పుడు పాతబడి, రెండో చేతికీ మూడో చేతికీ మారుతున్నాయి. హీటర్ ఉన్న బండి తొలిసారి చేతికి వచ్చిన యజమానులకు, డ్రైవర్లకు అది ఎలా పనిచేస్తుందో చెప్పేవారు తక్కువ. 2022 ఏప్రిల్ వరకు విజయనగరం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సాలూరు లారీల ఊరిగా పేరుపడింది. అలాంటి చోట ఇంజిన్ పనిలో ఆరితేరిన మేస్త్రీలకు కొదవ లేదు గానీ, హీటర్ పని మాత్రం ఎప్పుడో గాని తగలదు.

వేడి ఎక్కడిది?

లారీ హీటర్ తనంతట తాను వేడిని పుట్టించదు. డీజిల్ మండినప్పుడు పుట్టే వేడిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి మారుతుంది. మిగిలినదానిలో పెద్ద భాగం సైలెన్సర్ గుండా పొగతోపాటు పోతుంది, మరో పెద్ద భాగాన్ని ఇంజిన్‌ను చల్లబరుస్తూ దాని చుట్టూ తిరిగే నీళ్లు, అంటే కూలెంట్, గ్రహిస్తుంది. ఆ కూలెంట్‌లో కొంత భాగం రెండు సన్నని హోస్ పైపుల ద్వారా క్యాబిన్‌లోని హీటర్ కోర్‌లోకి వెళ్లి తిరిగి వస్తుంది. కోర్ అంటే డ్యాష్‌బోర్డు వెనుక అమర్చిన చిన్న రేడియేటర్. బ్లోయర్ ఆ కోర్ మీదుగా గాలి తోలితే వేడిగాలి వస్తుంది.

కాబట్టి వేడిగాలి రావాలంటే నాలుగు సంగతులు వరుసగా జరగాలి. ఇంజిన్‌లో నీళ్లు సరిపడా ఉండాలి, అవి వేడెక్కాలి, వేడెక్కిన నీళ్లు కోర్‌లోకి ప్రవహించాలి, బ్లోయర్ గాలి కోర్ మీదుగా వెళ్లాలి. రోగ నిర్ధారణ కూడా ఇదే వరుసలో సాగాలి. ఆచరణలో మాత్రం తరచూ తలకిందులుగా జరుగుతుంది. చల్లగాలి వస్తోందనగానే డ్యాష్‌బోర్డు విప్పి కోర్ మార్చడం, ఆ తరువాత కూడా చల్లగాలే వస్తే నీళ్ల సంగతి చూడడం మామూలైపోయింది. పాత బండిలో డ్యాష్‌బోర్డు ఒకసారి విప్పితే ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు విరిగిపోతాయి, వైర్ల జాయింట్లు కదులుతాయి. ఒక లోపాన్ని వెతకబోయి నాలుగు కొత్తవి తెచ్చుకున్నట్టవుతుంది.

రెండు పైపులు చెప్పే సంగతి

బండిని ఇరవై నిమిషాలైనా రోడ్డు మీద నడిపిన తరువాత, హీటర్ మీటను పూర్తి వేడి వైపు ఉంచి, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు గోడలోకి వెళ్లే రెండు హోస్ పైపులను పరీక్షించాలి. షెడ్డు ముందు నిలబెట్టి ఊరికే స్టార్టింగ్‌లో ఉంచితే సరిపోదు. ఐడిల్‌లో ఉన్న డీజిల్ ఇంజిన్‌లో మండే నూనె చాలా తక్కువ కాబట్టి నీళ్లు సరిగా వేడెక్కవు, పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. పైపు ముట్టుకునే ముందు ఇంజిన్ ఆపేయాలి. ఫ్యాన్, బెల్టు దగ్గరలోనే ఉంటాయి. మొదట వేలి కొసతో తాకి చూసి, ఆ తరువాతే పట్టుకోవాలి. సరిగా ఉన్న బండిలో ఆ పైపును రెండు మూడు సెకన్లకు మించి పట్టుకోలేం.

రెండు పైపులూ చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే నీళ్ల వైపు అంతా బాగానే ఉంది, లోపం గాలి వైపు ఉంది. ఒకటి కాలుతూ, రెండోది చల్లగా ఉంటే నీళ్లు కోర్‌ను దాటడం లేదు. కోర్ పూడుకుపోయి ఉండాలి, లేదా కోర్‌లోకి నీళ్లు వదిలే హీటర్ వాల్వ్ మూసుకుపోయి ఉండాలి. రెండూ గోరువెచ్చగా ఉంటే ఇంజినే వేడెక్కడం లేదని, అంటే మొదట థర్మోస్టాట్‌ను అనుమానించాలని అర్థం. ఇంజిన్ వేడిగా ఉండి రెండు పైపులూ చల్లగా ఉంటే నీళ్లు తగ్గాయి, లేదా పైపుల్లో గాలి పట్టింది, లేదా వాటర్ పంపు తోయడం లేదు.

ఒక మోసం గురించి ముందే తెలిసి ఉండాలి. కోర్ కారినప్పుడు కొత్తది దొరకకపోతే, కోర్‌ను వదిలేసి రెండు పైపులను బయటే ఒక ఇనుప ముక్కతో కలిపేస్తారు. రెండో చేతి బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అప్పుడు రెండు పైపులూ చక్కగా కాలుతుంటాయి గాని కోర్‌లోకి చుక్క నీరు వెళ్లదు. అందువల్ల చేత్తో తాకడంతో ఆగకుండా, పైపులు నిజంగా క్యాబిన్‌లోకి వెళ్తున్నాయో లేదో కంటితో చూడాలి.

తీసేసిన థర్మోస్టాట్

మన ప్రాంతపు లారీల్లో రెండు పైపులూ గోరువెచ్చగా ఉన్నాయంటే, థర్మోస్టాట్ హౌసింగ్ విప్పి చూడడం మంచిది. రెండు మూడు బోల్టులు తీసి మూత లేపితే లోపల వాల్వ్ కూర్చోవలసిన గుండ్రటి గాడి ఖాళీగా, తుప్పు పొడితో కనిపించడం అరుదేమీ కాదు. దాని వెనుక ఉన్న కథ అన్నిచోట్లా ఒకటే. ఏ వైశాఖంలోనో లోడుతో వెళ్తుండగా హీట్ గేజి ముల్లు ఎర్రగీత దాటింది. దారిలో ఎవరో మేస్త్రీ వాల్వ్ పీకేశాడు. ముల్లు దిగింది. ఇక ఆ వాల్వ్ గురించి ఎవరూ అడగలేదు.

థర్మోస్టాట్ అంటే మైనం నింపిన చిన్న లోహపు గుళికతో పనిచేసే వాల్వ్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అది రేడియేటర్‌కు వెళ్లే దారిని మూసి ఉంచుతుంది. నీళ్లు ఇంజిన్‌లోనూ, హీటర్ పైపుల్లోనూ మాత్రమే తిరుగుతూ త్వరగా వేడెక్కుతాయి. వేడి పెరిగినప్పుడు మైనం కరిగి, వ్యాకోచించి వాల్వ్‌ను తెరుస్తుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో ఇది 75 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలై, మరో 10 నుంచి 15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకుంటుంది. వాల్వ్ తీసేస్తే, లేదా తెరిచిన స్థితిలోనే బిగుసుకుపోతే, చల్లని ఇంజిన్ నుంచి కూడా నీళ్లు నేరుగా రేడియేటర్‌కు పోతాయి. ఇంజిన్‌తోపాటు ఎప్పుడూ తిరిగే పాతరకం ఫ్యాన్ ఉన్న బండిలో ఆ చల్లదనం మరీ ఎక్కువ.

ఘాట్ రోడ్డు మీద ఈ లోపం స్పష్టంగా తెలుస్తుంది. లోడుతో సాలూరు నుంచి పైకి ఎక్కుతున్నంతసేపు ఇంజిన్ మీద భారం ఉంటుంది కాబట్టి, వాల్వ్ లేకపోయినా హీటర్ కొంత వేడి ఇస్తుంది. దిగేటప్పుడు బండి గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా దిగుతుంది. డీజిల్ దాదాపు మండదు, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. థర్మోస్టాట్ ఉంటే రేడియేటర్ దారి మూసుకుని, ఉన్న వేడిని ఇంజిన్‌లోనే నిలుపుతుంది. లేకపోతే నాలుగైదు మలుపులు తిరిగేసరికి హీటర్ చల్లబడిపోతుంది. ఎక్కేటప్పుడు వెచ్చగా ఉండి దిగేటప్పుడు చల్లబడే హీటర్ గురించి డ్రైవర్ చెప్పే ఆ ఒక్క మాట, మేస్త్రీకి సగం పని తగ్గిస్తుంది.

వాల్వ్ తీసేస్తే ఇంజిన్‌కు మేలే కదా అన్న వాదన నిలబడదు. తగినంత వేడెక్కని డీజిల్ ఇంజిన్‌లో నూనె పూర్తిగా మండదు. మండని డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. లైనర్లు, రింగులు త్వరగా అరుగుతాయి, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. మరో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులు ఉంటాయి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు అది రేడియేటర్ దారిని తెరవడమే కాక, నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోయే బైపాస్ దారిని మూసేస్తుంది. అలాంటి ఇంజిన్‌లో వాల్వ్ తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడినీళ్లలో కొంత భాగం చల్లబడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తుంది. హీటెక్కకుండా ఉండాలని తీసిన వాల్వ్ వల్లనే, వేసవిలో లోడు మీద ఇంజిన్ హీటెక్కుతుంది.

ఉన్న వాల్వ్ మంచిదో కాదో తేల్చుకోవడానికి ప్రత్యేకమైన పరికరం అక్కరలేదు. దాన్ని ఒక దారానికి కట్టి, అడుగుకు తగలకుండా గిన్నెడు నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టాలి. పక్కనే థర్మామీటర్ ఉంచాలి. వాల్వ్ అంచు మీద తెరుచుకునే ఉష్ణోగ్రత అంకెల్లో చెక్కి ఉంటుంది. నీళ్లు ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి మధ్యలోని పళ్లెం మెల్లగా లేవడం కనిపించాలి. తీసి చల్లార్చితే తిరిగి గట్టిగా మూసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడే సందు కనిపిస్తే అది పనికిరాదు. కొత్తది వేసేటప్పుడు ఆ ఇంజిన్‌కు చెప్పిన డిగ్రీలదే వేయాలి.

అయితే వాల్వ్ తిరిగి బిగించే ముందు, అప్పట్లో ఇంజిన్ ఎందుకు హీటెక్కిందో కనుక్కోవాలి. రేడియేటర్ పూడిక, జారే ఫ్యాన్ బెల్టు, పాడైన రేడియేటర్ మూత వంటి అసలు కారణం అలాగే ఉంటే కొత్త వాల్వ్ పెట్టిన వారానికే మళ్లీ హీటెక్కుతుంది. నింద మాత్రం కొత్త వాల్వ్ మీద పడుతుంది.

నీళ్లు తగ్గినప్పుడు, గాలి పట్టినప్పుడు

చాలా బండ్లలో హీటర్ కోర్ ఇంజిన్‌తో పోలిస్తే ఎత్తులో ఉంటుంది. నీళ్లు తగ్గితే మొదట ఎండిపోయేది అదే. ఇంజిన్ రేస్ చేసినప్పుడు కాస్త వెచ్చగా, ఐడిల్‌లో చల్లగా గాలి వస్తుంటే నీళ్లు తక్కువైనట్టో, గాలి పట్టినట్టో, వాటర్ పంపు రెక్కలు తుప్పుకు తరిగిపోయినట్టో భావించాలి. డ్యాష్‌బోర్డు వెనుక నీళ్లు పారుతున్నట్టు గలగలమనే చప్పుడు వినిపిస్తే అది గాలి పట్టిన గుర్తు.

ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటి ఉంది. బాగా పనిచేస్తున్న హీటర్ దారిలో ఉన్నట్టుండి చల్లబడితే, నీళ్లు ఎక్కడో కారిపోయాయని అనుమానించి బండిని పక్కకు ఆపాలి. గేజి ముల్లు కిందనే ఉందని ధైర్యం చెప్పుకోకూడదు. వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు దిగిపోయి సెన్సర్ చుట్టూ గాలి మిగిలితే, లోపల సిలిండర్లను పైనుంచి మూసే హెడ్ కాలిపోతున్నా ముల్లు లేవకపోవచ్చు. ఇలాంటప్పుడు హీటరే ముందుగా హెచ్చరిస్తుంది.

నీళ్లు నింపేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. మూత బిగించిన వ్యవస్థలో నీళ్లు ఒత్తిడి కింద 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలోనే ఆవిరై ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుస్తాయి. మామూలు ఒత్తిడిలోనైతే కొరాపుట్ ఎత్తున నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి ఘాట్ మీద తిరిగే బండికి ఒత్తిడి నిలిపే మంచి మూత మరింత అవసరం. హీటర్ మీటను వేడి వైపు పెట్టి, గాలి వదిలే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, నెమ్మదిగా పోయాలి. స్క్రూ దగ్గర బుడగలు ఆగి ధారగా నీళ్లు వచ్చాక బిగించాలి. స్క్రూ లేని బండిని ముక్కు ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి నింపితే గాలి పైకి చేరి బయటికి పోతుంది. ఒక రోజు నడిపి, చల్లారాక మళ్లీ మట్టం చూడాలి.

గాలి తీసిన రెండు మూడు రోజులకే మళ్లీ పడుతుంటే, ఎక్కడా కారడం కనిపించకపోతే, హెడ్ కింద సందు మూసే హెడ్ గ్యాస్కెట్ సంగతి చూడాలి. సిలిండర్‌లోని పొగ నీళ్లలోకి చొరబడుతుండవచ్చు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే రేడియేటర్ పై హోస్ పైపు రాయిలా గట్టిపడడం, కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలు రావడం దానికి ఆనవాళ్లు.

బోరు నీటి పూడిక

ఒక పైపు కాలుతూ, మరొకటి చల్లగా ఉన్న బండిలో ముందుగా హీటర్ వాల్వ్ చూడాలి. కేబుల్‌తో తిరిగే వాల్వ్ ఏళ్ల తరబడి మూసి ఉంచితే బిగుసుకుపోతుంది. మీట కదిలినా కేబుల్ తొడుగు జారి వాల్వ్ కదలకపోవచ్చు. వాల్వ్ తెరిచే ఉంటే కోర్ పూడుకుపోయిందని అర్థం.

ఈ పూడికకు మూలం కూలెంట్ బదులు బోరు నీళ్లు, చెరువు నీళ్లు పోయడం. నీటిలో కరిగి ఉన్న లవణాలు వేడికి పేరుకుని గట్టి పొర కడతాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున కనిపించే తెల్లని పొర అలాంటిదే. తుప్పు రేణువులు దానికి తోడవుతాయి. రేడియేటర్ గొట్టాల కంటే కోర్‌లో ప్రవాహం తక్కువ, పైగా ఏడాదిలో ఎక్కువ కాలం వాల్వ్ మూసే ఉంటుంది. కాబట్టి మడ్డి అంతా అక్కడ కూర్చుంటుంది. రెండు పైపులూ విప్పి, నీళ్లు బయటికి వచ్చే వైపు నుంచి తక్కువ ఒత్తిడితో మంచినీళ్లు ఎక్కిస్తే ఎర్రటి మడ్డి దిగుతుంది. నీళ్లు తేటగా వచ్చేవరకు దిశ మార్చి మార్చి కడగాలి. కంప్రెసర్ గాలి పూర్తి ఒత్తిడితో కొట్టకూడదు, పాత కోర్ జాయింట్లు విడిపోతాయి. కడిగాక కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. సాధారణంగా రెండూ సగం సగం కలుపుతారు. కూలెంట్ గడ్డకట్టకుండా చూడడానికే కాదు, తుప్పును ఆపడానికి కూడా పనికొస్తుంది. కాబట్టి చలి లేని మైదానానికి అక్కర్లేదన్న మాట సరికాదు.

కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా ఉండడం, తియ్యని వాసన, అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర కనిపిస్తే కోర్ కారుతోంది, మార్చక తప్పదు. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కారిన నీళ్లను షెడ్డు ముందు గుంటలో వదిలితే కుక్కలు, పశువులు తాగే ప్రమాదం ఉంది.

వేడి ఉన్నా గాలికి అందనప్పుడు

రెండు పైపులూ కాలుతుంటే, అవి కోర్‌లోకే వెళ్తున్నాయని చూసుకున్నాక, మిగిలేది గాలి దారి. హీటర్ పెట్టెలో ఒక రెక్క గాలిని కోర్ మీదికో, పక్కదారికో మళ్లిస్తుంది. పాత బండ్లలో దీన్ని కేబుల్ తిప్పుతుంది, కొంచెం కొత్త బండ్లలో చిన్న మోటారు తిప్పుతుంది. మీట తిప్పినప్పుడు లోపల రెక్క తట్టిన చప్పుడు రాకపోతే కేబుల్ ఊడి ఉంటుంది. టకటకమని ఆగకుండా చప్పుడు వస్తే మోటారు లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగాయి. రెక్కను చేత్తో వేడి వైపు నెట్టి చూస్తే అనుమానం తీరుతుంది.

తాత్కాలిక ఉపాయాలు

రేడియేటర్ ముందు గోనెపట్టా కట్టడం శీతకాలంలో ఉత్తరాదికి వెళ్లే డ్రైవర్లకు తెలిసిన ఉపాయమే. పట్టా కట్టాక హీటర్ వేడెక్కితే లోపం థర్మోస్టాట్‌లో ఉందని దాదాపు తేలినట్టే. పరీక్షగా అది మంచిదే. మరిచిపోయి ఘాట్ ఎక్కితే మాత్రం అదే పట్టా ఇంజిన్‌ను కాలుస్తుంది. హీటర్ బదులు కరెంటు హీటర్ పెట్టించుకోవాలన్నా లెక్క కుదరదు. ఒక కిలోవాట్ హీటర్ 24 వోల్టుల మీద దాదాపు 42 ఆంపియర్లు లాగుతుంది, పాత బండి ఆల్టర్నేటర్‌కు అది మోయలేని భారం.

అన్నింటికంటే ప్రమాదకరమైనది, తలుపులు మూసిన క్యాబిన్‌లో వెచ్చదనం కోసం స్టవ్ గాని, నిప్పుల కుంపటి గాని పెట్టుకుని పడుకోవడం. గాలి చాలక మండే నిప్పు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చేరవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్న మనిషికి ఊపిరాడని సంగతి తెలియదు. హీటర్ బాగుపడేదాకా దుప్పటి కప్పుకోవాలే తప్ప క్యాబిన్‌లో నిప్పు పెట్టకూడదు.

బాగైందని ఎలా తెలుస్తుంది?

మరమ్మతు అయ్యాక షెడ్డు దగ్గర చెయ్యి పెట్టి చూసి సరిపెట్టుకోకూడదు. ఇరవై నిమిషాలు నడిపిన బండిలో గాలి వచ్చే రంధ్రం దగ్గర థర్మామీటర్ ఉంచితే 50 డిగ్రీలు దాటాలి. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఉంది. సుంకి దాటి సాలూరు వైపు దిగేటప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా మలుపుల మీద మలుపులు తిరుగుతుండగా, ముల్లు కొంత దిగినా మధ్యలోనే నిలవాలి, అద్దం మీదికి వచ్చే గాలి వెచ్చగానే ఉండాలి.